చుట్టన్నర దూరం

డబ్బాలో పసుపు పెయింటు, రెండంగుళాల బ్రష్షు,
మెడలో ఆఫీసువాళ్లు ఇచ్చిన గుర్తింపు కార్డు.
ఆ ఫోటోలో నేను నాకంటే ఎక్కువ భయపడుతున్నాను.
రోజుకి ఆరువందలు. అర కిలోమీటరుకొక బాణం.

మందస దాటాక మొదటి బాణం జీడితోట గట్టు రాయి మీద వేశాను.
కాపలా ముసలాయన తుండుగుడ్డ దులిపి
"ఏటి బాబూ, కరెంటొస్తాదా?" అన్నాడు.
కరెంటు కాదు తాతా, మనుషులొస్తారు, నడవడానికి.
"నడవడానికా?"
చాలాసేపు నవ్వలేదాయన.
నేను వాగు దాటాక వినబడింది నవ్వు.

ఏడు కొండదారుల్ని ఒక్క వలగా అల్లాలని ప్లాను.
ఎర్రగీత కష్టం, పచ్చగీత సుళువు,
ప్రతి గీత చివరా ఒక బల్ల, ఒక చెత్తబుట్ట,
ఒక బోర్డు, బోర్డు మీద నవ్వుతున్న పిట్ట.
ఆ పిట్ట మా కొండల్లో ఉండదు.
దారి చూపడానికి సవర తవిటమ్మని పెట్టారు,
కూలి నాకంటే యాభై తక్కువకి.

ఆమె ముందు, నేను వెనక.
అడ్డపొగ చుట్ట, నిప్పు లోపలికి.
నోట్లో నిప్పు పెట్టుకుని మాట్లాడుతుంది,
ఒక్క మాటా కాలదు.
నా చేతిలో యంత్రం ఒకటి పాయింట్ ఎనిమిది అంటుంది.
ఆమె చుట్టన్నర అంటుంది.
మరి దిగేటప్పుడో?
"దిగినప్పుడు నెత్తిమీద మోపుంటాది గదా.
సుట్ట ఎలిగించలేం. దూరం నేదు."

వానాకాలం ఈ తోవ ఇక్కడుండదట.
ఎక్కడికి పోతుంది?
"అదుగో, ఆ తుప్పల పక్కకి జరుగుతాది.
వాగు తగ్గితే మల్లీ వస్తాది."
ఏనుగులొస్తే?
"అప్పుడు తోవ ఆటిది."
వెళ్లి తిరిగొచ్చే దారికి
ఆఫీసు ఫారంలో గడి లేదు.
రిమార్కులు అన్నచోట చిన్నక్షరాల్లో ఇరికించాను.

నాలుగో రోజు పెద్ద చప్టా బండ ఎక్కాం.
కింద చెరువులు పగిలిన అద్దం ముక్కల్లా,
ఆ వెనక సముద్రమో, పొగమంచో.
ఫోన్లో ఆఫీసరుగారు పేరు కూడా పెట్టేశారు:
సూర్యోదయం పాయింటు.
"ఇది భుజం బండ" అంది తవిటమ్మ.
"డోలీ మోసినోలు ఇక్కడే భుజం మార్చుకుంతారు."
ఎంతమందిని మోశారని అడగబోయి మానేశాను.
ఆమే చెప్పింది:
"నా కోడల్ని ఇక్కడే దించీసినారు. ఇక ఆగనేదు.
ఆడగుంట. బండమ్మ అని పేరెట్టినాం.
ఇప్పుడు ఏడో తరగతి, హాస్టల్లో.
పేరు మార్చీమని ఒకటే గోల."

రెండు చేతులా బ్రష్షు పట్టుకుని రాశాను, భుజం బండ.
నాచు మీద అక్షరాలు జారాయి,
'బం' దగ్గర సున్నా కారి
బొట్టులా నిలిచింది.

అక్కణ్ణించి దిగితే తోవ రెండుగా చీలుతుంది.
అడ్డాకు తీగల కిందకి దూరే సన్నని దానివైపు
నేను తిరిగేసరికి ఆమె అడ్డంగా నిలబడి ఉంది.
"ఇది ఒగ్గీ."
ఎందుకు?
"ఇటు మా నీల్లు."
అంతే అంది. చుట్ట కూడా తియ్యలేదు.
డబ్బా మూత గట్టిగా నొక్కాను.
ఇప్పుడు ఆఫీసు గోడ మీది పటంలో
ఆరు గీతలు కలుస్తాయి,
ఏడోది కొండ మధ్యలో
ఏదో మర్చిపోయినట్టు ఆగిపోతుంది.
ఎవరూ అడగలేదింతవరకు.

డిసెంబరులో విశాఖ నుంచి మొదటి జట్టు దిగింది,
పన్నెండుమంది, మిణుగురు రంగుల బూట్లు.
ఇంకెంత దూరమండీ?
చుట్టన్నర, అన్నాను.
ఒకబ్బాయి ఫోన్లో వెతుక్కున్నాడు.
భుజం బండ మీద ఒకమ్మాయి
రొప్పుతూ ఆగి, బ్యాగు
కుడి భుజం మీంచి ఎడమకి మార్చుకుంది.
ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆఖరి వారం కూలి ఇంకా రాలేదు, నాకూ, ఆమెకూ.
మిగిలిన పసుపు తవిటమ్మ గడపకి పూసుకుంది.
పక్కనే ఒక బాణం వెయ్యనా అన్నాను, సరదాకి.
బ్రష్షు లాక్కుంది.